సన్నాయి చిట్టియ్య జ్ఞానదంతం

గంధం చిట్టియ్య అంటే ఎవరో మల్లవరపులంకలోనే కాదు, ఇటు పాలకొల్లు నుంచి అటు నరసాపురం రేవు దాకా ఎవరిని అడిగినా చెబుతారు. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనే చెప్పుకుంటాడని గిట్టనివాళ్లు నవ్వుకునేవారు గాని, చెప్పుకోకపోయినా అది నిజమే. ద్వారకా తిరుమల కొండ మీద స్వామివారి ఊరేగింపు ముందు సన్నాయి ఊదినవాడు. అంతర్వేది తీర్థంలో రథం కదిలే ముందు ఆయన గుక్క కదలాలనిపించుకున్నవాడు. ఊరి బళ్లో అయిదో తరగతితో పలకా బలపం వదిలేసినా, విజయవాడ రేడియో స్టేషన్లో పరీక్షకు కూర్చుని మొదటిసారే నెగ్గినవాడు. "విద్వాన్ గంధం చిట్టియ్య" అని రేడియోలో పేరు చదివిన రోజు ఊరు ఊరంతా పంచాయతీ ఆఫీసు ముందు చేరింది. యానాంలో ఒక షావుకారు ఇంటి పెళ్లికి వెళితే, పెళ్లివారి తరఫున తాగి గోల చేస్తున్న కుర్రకారు ఆయన శహాన రాగం ఎత్తుకోగానే సీసాలు బల్ల కిందికి తోసేసి, వచ్చి చాప మీద బుద్ధిగా కూర్చున్నారు. కప్పిన శాలువాలు ట్రంకుపెట్టెలో పట్టక ఆయన భార్య పాపాయమ్మ కొన్నిటిని బియ్యం డబ్బా మీద పరిచింది.

వాళ్లది నాయీబ్రాహ్మణ కుటుంబం. కత్తీ సన్నాయీ ఒకే గూట్లో పెట్టుకునే ఇళ్లు అవి. చిట్టియ్య చిన్నతనంలోనే కత్తి తమ్ముడికి వదిలేసి సన్నాయి పట్టుకున్నాడు. కొడుకు బుజ్జిబాబు సన్నాయి తండ్రికే వదిలేసి కత్తి పట్టుకున్నాడు. భీమవరం రోడ్డులో అద్దాలూ తిరిగే కుర్చీలూ పెట్టి సెలూను తెరిచాడు.

"పెళ్లిళ్లకి ముహూర్తాలు ఏడాదికి మూడు నెల్లే నాన్నా. గడ్డం రోజూ పెరుగుద్ది" అనేవాడు బుజ్జిబాబు.

"గడ్డం గీసినోడి పేరు రేడియోలో చెప్పర్రా" అనేవాడు చిట్టియ్య.

ఇన్ని ఘనతలున్నా ఆయన మనసులో అన్నిటికన్నా ఎత్తున ఉన్నది మాత్రం సొంత ఊరి రామాలయం పందిరే. శ్రీరామనవమి నాడు మిట్టమధ్యాహ్నం సీతారాముల కల్యాణానికి ఆ పందిట్లో తాత ఊదాడు, తండ్రి ఊదాడు, తాను ఊదుతున్నాడు. గంధంవారి సన్నాయి తప్ప మరొకటి అక్కడ మోగి ఎరగదు. తుఫానుకు గుడి ముందు నడుంలోతు నీళ్లు నిలబడిన ఏడు కూడా తండ్రి బల్ల మీద నిలబడి ఊదాడని చెప్పుకుంటారు. రేడియో పేరు పోయినా ఫరవాలేదు గాని ఆ పందిట్లో చోటు పోకూడదు అనేది చిట్టియ్య మాట.

తొంభై ఎనిమిదో సంవత్సరం ఫాల్గుణంలో ఆయనకు కుడి పక్క పై దవడలో అన్నిటికన్నా వెనకనున్న పన్ను సలపడం మొదలుపెట్టింది. లవంగం పెట్టాడు. ఉప్పునీళ్లు పుక్కిలించాడు. చుట్ట పొగ ఆ పక్కకే పట్టాడు. తగ్గినట్టే తగ్గి బుగ్గ వాచేది. డోలు వాయించే తాతాజీ పాపాయమ్మకు తమ్ముడు, చిట్టియ్యకు బావమరిది. ముప్ఫై ఏళ్లుగా ఆయన పక్కనే కూర్చుంటున్నవాడు. వాడు టార్చిలైటు పెట్టి నోట్లోకి చూశాడు.

"ఇది జ్ఞానదంతం బావా. నీకిప్పుడొచ్చిందా?"

"ఎప్పుడో వచ్చింది. ఇప్పుడు పుచ్చింది."

"అదేలే. జ్ఞానం వచ్చి, వాడకపోయేసరికి పుచ్చిపోయుంటది."

చిట్టియ్య నవ్వబోయి దవడ పట్టుకున్నాడు. నవ్వు సంగతి అటుంచి, సన్నాయి మొనకున్న పీక పెదవుల మధ్య పెట్టి గాలి నింపగానే దవడలోంచి కణతదాకా సూది దిగినట్టయ్యేది. సాధన మూడు రోజులు ఆపాడు. ఆయన ఊహ తెలిసాక అన్నాళ్లు ఆపడం అదే మొదలు. శ్రీరామనవమి దగ్గర పడుతోంది. పందిట్లో కూర్చునేసరికి ఈ పన్ను తనకు అడ్డు రాకూడదనే పట్టుదలతోనే, ఇంజక్షనంటే భయపడే మనిషి కొడుకుతో కలిసి భీమవరం బస్సెక్కాడు.

పళ్ల డాక్టరు సుప్రజ వయసులో చిన్నదే గాని నిదానస్తురాలు. చిన్న ఎక్స్‌రే తీసి, దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. తరవాత చిట్టియ్యను వాలు కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో చిన్న అద్దం పెట్టి, పన్ను కదిపి చూస్తూ అడిగింది.

"ఏం పని చేస్తుంటారండీ మీరు?"

చిట్టియ్యకు ఆ ప్రశ్న అంటే ప్రాణం. రైల్లో పక్కసీటువాడు అడిగినా సరే ద్వారకా తిరుమల దగ్గర మొదలుపెట్టి రేడియో దాకా చెప్పి గాని వదలడు. కాని నోట్లో అద్దముంది, డాక్టరమ్మ వేలుంది. ఆయన గొంతులోంచి ఏదో మూలుగు మాత్రం వచ్చింది.

"సెలూనండీ" అన్నాడు పక్కన నిలబడ్డ బుజ్జిబాబు. "భీమవరం రోడ్డులో మాకు సెలూనుందండి."

బుజ్జిబాబు అబద్ధమాడాలని అనలేదు. చల్లటి ఏసీ గది, మెరిసే నేల, ఇంగ్లీషులో మాట్లాడుకునే నర్సులు. అక్కడ సన్నాయి అంటే మేళగాళ్లని చూసినట్టు చూస్తారని వాడికి అనిపించింది. సెలూను అంటే వ్యాపారం. చిట్టియ్య కుర్చీలోంచి లేవబోయాడు.

"కదలకండి" అంది డాక్టరమ్మ. "ఎందుకడిగానంటే, ఈ పన్ను వేళ్లు పైన ముక్కు పక్కనుండే గాలి గదిని ఆనుకుని ఉన్నాయండి. మధ్యన ఉల్లిపొరంత ఎముకుంది, అంతే. పన్ను తీశాక అక్కడ మానేదాకా గాలి ఒత్తిడి తగలకూడదు. సెలూనైతే ఇబ్బంది లేదు. నాలుగు రోజులాగి వెళ్లొచ్చు."

పన్ను తేలిగ్గా రాలేదు. రెండు ముక్కలై వచ్చింది. కుట్లు వేసి, దూది కరిపించి, ఆవిడ కాగితం చూడకుండానే జాగ్రత్తలన్నీ చెప్పింది. ఇవాళ ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు. ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచే తుమ్మాలి. కొబ్బరిబొండంలో గొట్టం పెట్టి పీల్చకూడదు. చుట్ట జోలికి పోకూడదు. పిల్లలకి బెలూన్లు ఊదిపెట్టడం లాంటివి అసలు చెయ్యకూడదు. ఇదంతా మూడు వారాలపాటు.

చిట్టియ్య దూది కరుచుకుని తలూపుతూ విన్నాడు. ఆయన కోపమంతా కొడుకు మీదే ఉంది. రేడియో విద్వాంసుణ్ణి పట్టుకుని క్షవరం మనిషిని చేశాడు వీడు. దూది తీశాకైనా చెప్పవచ్చు. అలిగి చెప్పలేదు. అలకతోపాటు ఇంకొకటి కూడా ఉంది, అది ఆయన ఒక్కడికే తెలుసు. మూడు వారాలంటే శ్రీరామనవమి వెళ్లిపోతుంది. సన్నాయి మాటెత్తితే ఆవిడ వద్దంటుంది. ఎత్తకపోతే వద్దనలేదు కదా.

ఇంటికొచ్చాక ఆయన చాలా బుద్ధిగా ఉన్నాడు. ఐసుముక్క గుడ్డలో చుట్టి బుగ్గకు ఆనించుకుని అరుగు మీద కూర్చునేవాడు. పాపాయమ్మ చల్లటి గంజి, తరవాత పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టేది. పచ్చడి కోసం ఆయన చెయ్యి చాస్తే చేతి మీద కొట్టేది.

"ఊరికే ఉండండి. కుట్టు మీద కారం తగిల్తే మళ్లీ నాకే మూలుగుతారు."

"చప్పిడి తిండి తిని నోరు చచ్చిపోయిందే."

"నోరు చస్తే ఇంట్లో కాస్త సుఖంగా ఉంటాది."

వాపు తగ్గింది. నొప్పి తగ్గింది. మాట తేటగా వచ్చింది. ఆ దారిలోనే ఉండి ఉంటే ఆయన బాగుపడేవాడే. కాని నవమికి ముందు ఆలయ ధర్మకర్త కాశీవిశ్వనాథరాజు గారు రొయ్యల చెరువుల దగ్గర్నుంచి వస్తూ మోటారుసైకిలు అరుగు ముందు ఆపారు.

"ఏవయ్యా చిట్టియ్యా, పన్ను తీయించావంట. ఎలా ఉంది?"

"ఆయ్, తమరి దయ వల్ల తగ్గిందండి."

"మరి ఇబ్బందైతే చెప్పు. ఈ ఒక్క ఏటికీ కాలవ అవతల వీరబ్రహ్మాన్ని పిలిపిద్దాం. దేవుడేమీ అనుకోడులే."

దేవుడి సంగతి ఏమో గాని చిట్టియ్య ముఖం మాడిపోయింది. వీరబ్రహ్మానికీ ఆయనకూ పదేళ్లుగా మాటల్లేవు. ఒక పెద్ద పెళ్లిలో రెండు మేళాలూ పెట్టినప్పుడు, జనం వీరబ్రహ్మం వైపు తిరిగి కూర్చున్నారు. "వాడిది సన్నాయా, సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టుంటది" అని చిట్టియ్య నలుగురిలో అన్నాడు. ఆ మాట కాలవ దాటి అవతలికి చేరింది.

"అంత అవసరం రాలేదండి" అన్నాడు చిట్టియ్య. "నేనే ఊదుతానండి."

రాజుగారు వెళ్లగానే తాతాజీ, పాపాయమ్మ ఇద్దరూ ఆయన మీద పడ్డారు.

"ఎస్టీడీ బూతుకెళ్లి డాక్టరమ్మని ఓ మాటడుగుదాం బావా. పోయేదేముంది?" అన్నాడు తాతాజీ.

"అడిగితే ఏమంటాది? వద్దంటాది. ఆవిడకి మన పందిరి సంగతేం తెలుసు?"

"బెలూన్లే ఊదొద్దందంట కదా."

"బెలూన్లంది. సన్నాయనలేదు. బెలూను ఊదేవాడికీ నాకూ తేడా లేదట్రా?"

ఆ మాట అన్న గొంతులో ఎప్పుడూ ఉండే బింకం లేదని తాతాజీ గమనించాడు గాని, బావను అందరి ముందు ఇంకా నొక్కడానికి నోరు రాలేదు.

నవమినాడు ఎండ నిప్పులు చెరుగుతోంది. దాళ్వా వరి కోతలు ఆపుకుని జనం తాటాకు పందిట్లోకి చేరారు. చిట్టియ్య తెల్లపంచె, సిల్కు లాల్చీ వేసుకుని, తన చాప మీద తన చోట కూర్చున్నాడు. మొదట మెల్లగా ఊదాడు. గాలి సాఫీగా పోయింది, పన్ను ఉన్నచోట చిన్న బరువు తప్ప ఏమీ లేదు. ఆయనకు ధైర్యం వచ్చింది. కల్యాణి రాగం ఎత్తుకుని పైస్థాయికి వెళ్లాడు. పందిట్లో మాటలు సద్దుమణిగాయి. ఇన్ని రోజులూ ఉగ్గబట్టిన సాధన అంతా ఒక్కసారిగా బయటికొస్తున్నట్టుగా ఉంది. ఆ పావుగంట ఆయన ఊదినట్టు అంతకు ముందెప్పుడూ ఊదలేదని పందిట్లో ఉన్నవాళ్లు ఈనాటికీ అంటారు.

అర్చకుడు మంగళసూత్రాలు పైకెత్తి జనానికి చూపించి, గట్టిమేళం అన్నాడు. చిట్టియ్య గుండెల నిండా గాలి తీసుకుని బలమంతా పెట్టి ఊదాడు. దవడ లోపల ఏదో పుటుక్కుమంది. నొప్పి కాదు. చిన్న ముడి ఊడినట్టు. వెంటనే గాలి సన్నాయిలోకి పోవలసింది పోకుండా ముక్కులోంచి వెచ్చగా వచ్చేసింది. స్వరం సన్నబడింది. ఆయన ఇంకా గట్టిగా ఊదాడు, అది ఇంకా సన్నబడింది. నాలుక మీద ఉప్పగా నెత్తురు తగిలింది. తాతాజీ ఒక్క చూపు చూసి, డోలు మీద పుల్ల పగిలిపోయేలా వాయించాడు. ఆ చప్పుడులో సన్నాయి ఆగిపోయిందని జనానికి తెలియలేదు. అక్షింతలు పడ్డాయి. కల్యాణం అయిపోయింది.

పానకం పంచేటప్పుడు అందరికన్నా ముందు మేళానికే ఇవ్వడం ఆ పందిట్లో ఆచారం. రాజుగారు స్వయంగా గ్లాసు తెచ్చి చిట్టియ్య చేతికిచ్చారు. నెత్తుటి రుచి పోతుందని ఆయన గటగటా తాగాడు. మిరియాలూ యాలకులూ వేసిన బెల్లపు పానకం కుడి ముక్కులోంచి ధారగా కారి తెల్లటి లాల్చీ మీద పడింది. ముక్కు నుంచి నడినెత్తి దాకా మంట. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతలోనే ఆయన ముఖం చూసి ఆపేశారు. రాజుగారు తన భుజం మీది తువ్వాలు తీసి ఆయనకు అందించారు.

"కల్లు తాగినోడికి కూడా ఇలా రాదు కదా బావా" అన్నాడు తాతాజీ, నవ్వించాలని. ఎవరూ నవ్వలేదు. వాడే తల పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు భీమవరంలో డాక్టరు సుప్రజ ఆయన ముక్కు మూయించి, మెల్లగా ముక్కులోకే గాలి తోయమని, నోట్లోకి చూసింది. పన్ను తీసిన చోట చిన్న బుడగ లేచింది. నోటికీ గాలి గదికీ మధ్యన కన్నం పడింది.

"ఏం చేశారండీ మీరు?"

"సన్నాయి ఊదానండి."

"సన్నాయా? సెలూనన్నారు కదండీ."

బుజ్జిబాబు గోడవైపు తిరిగాడు. చిట్టియ్యకు ఇప్పుడు నోట్లో అద్దం లేదు. ద్వారకా తిరుమల, అంతర్వేది, రేడియో అన్నీ నాలుక చివరనే ఉన్నాయి. కాని చెప్పడానికి ఒక్కటీ రాలేదు.

"రెండూ ఉన్నాయండి మా ఇంట్లో" అన్నాడు.

తిరుగు బస్సులో కొడుకు కిటికీ పక్కన కూర్చున్నాడు. భీమవరం దాటాక తండ్రి వైపు తిరిగాడు.

"నేను ఆ వేళ సన్నాయని ఉంటే ఈ పని కాకపోను నాన్నా."

"నువ్వు ఒకసారే అన్లేదురా. నేను రోజూ అన్లేదు" అన్నాడు చిట్టియ్య. "అడిగితే వద్దంటాదని నాకు తెలుసు. తెలిసే అడగలేదు." ఆ మాట అన్నాక కొడుకు మోకాలి మీద చెయ్యి వేశాడు. ఊరొచ్చేదాకా తీయలేదు.

రాజమండ్రిలో ఒక పెద్ద సర్జను ఆ కన్నం మూశాడు. పక్కనున్న బుగ్గ లోపలి కండనే కొంత జరిపి, కన్నం మీదికి లాగి కుట్టాడు. మానుతుందని చెప్పాడు. ఏడాదిపాటు సన్నాయి తాకవద్దన్నాడు. ఈసారి చిట్టియ్య ఒక్క మాట దాటలేదు. చుట్ట మానేశాడు. ముక్కు చీదడానికి కూడా భయపడ్డాడు. జలుబు చేస్తే పాపాయమ్మ ఆవిరి పట్టిస్తూ చంటిపిల్లాడి ముక్కు తుడిచినట్టు తుడిచేది. వేసవి ముహూర్తాలు వచ్చాయి, పోయాయి. పెళ్లివారు మొదట్లో పరామర్శకు వచ్చారు. తరవాత వేరే మేళాలకు తాంబూలాలిచ్చారు. తాతాజీని వేరేవాళ్లు డోలుకు పిలిస్తే వెళ్లనన్నాడు. చిట్టియ్యే కోప్పడి పంపాడు. పెళ్లి నుంచి వాడు తిరిగొచ్చాక, ఎవరు ఊదారు, ఏ రాగం ఎత్తుకున్నారు, ఎక్కడ తప్పారు అని అడిగి అడిగి విసిగించేవాడు.

"బాగానే ఊదాడులే బావా."

"బాగానే అంటే?"

"నీ అంత కాదు."

ఆ ఒక్క మాట వినడానికే అడుగుతున్నాడని తాతాజీకి తెలుసు. ఒక్కోసారి అది అబద్ధమైనా చెప్పేవాడు.

ఏడాది తిరిగి ఉగాది వెళ్లింది. సర్జను చూసి, కన్నం పూర్తిగా మూసుకుపోయిందని, మెల్లమెల్లగా ఊది చూసుకోవచ్చని చెప్పాడు. ఇంట్లో పండగైంది. పాపాయమ్మ గారెలు వండింది. చిట్టియ్య సన్నాయి తుడిచి, కొత్త పీక తడిపి మెత్తబరిచి, తాతాజీ ఒక్కణ్ణి తీసుకుని కొబ్బరితోటలోకి వెళ్లాడు. ముక్కులోంచి గాలి రాలేదు. స్వరం పలికింది, శుద్ధంగానే పలికింది. కాని నిలబడలేదు.

సన్నాయి ఊదేవాడు గాలిని గుండెల్లోనే కాదు, బుగ్గల్లో కూడా దాచుకుంటాడు. ముక్కుతో కొత్త గాలి పీల్చుకునే ఆ రెప్పపాటులో బుగ్గల్లో దాచిందే స్వరాన్ని తెగకుండా మోస్తుంది. ఇప్పుడు కుడి బుగ్గ లోపలి కండ పైకి కుట్టేసి ఉంది. అది పొంగదు. అందులో గాలి నిలవదు. గుక్క అయిపోగానే స్వరం తెగేది. మళ్లీ పీల్చి, మళ్లీ ఊదాలి. సన్నాయి కొత్తగా పట్టుకున్న పిల్లలు ఊదినట్టు. చిట్టియ్య ఎండ నడినెత్తికి వచ్చేదాకా ప్రయత్నించాడు. బుగ్గ లోపల లాగి లాగి కన్నీళ్లు వచ్చాయి. ఆయన నొప్పి వల్ల వచ్చాయన్నాడు.

"సాధన చేస్తే సాగుద్దిలే బావా, కండే కదా" అన్నాడు తాతాజీ.

"బుగ్గ లాగుతోందని మొన్న చూపించుకున్నప్పుడే సర్జన్నడిగాను. ఇక సాగదన్నాడు."

"తెగినా నీ స్వరం నీ స్వరమే. దేవుడి ముందు ఊదడానికేం?"

చిట్టియ్య పీక ఊడదీసి డబ్బాలో పెట్టుకున్నాడు. "మా నాన్న కూర్చున్న చాప మీద కూర్చుని, ముక్కలు ముక్కలుగా ఊదనా? ఊదను."

మూడు రోజులు అరుగు దిగలేదు. నాలుగో రోజు పొద్దున్నే స్నానం చేసి, తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు పళ్లెంలో పెట్టుకుని, బల్లకట్టెక్కి కాలవ దాటాడు. మేళాన్ని పిలవాలంటే తాంబూలం పట్టుకెళ్లి పిలవాలి. అది పద్ధతి. అవతలి గట్టున వీరబ్రహ్మం అరుగు మీద పీకలు ఎండబెట్టుకుంటున్నాడు. వచ్చినవాణ్ణి చూసి లేవలేదు.

"దారి తప్పావేంటి చిట్టియ్యా?"

"తప్పలేదు. నీ దగ్గరికే వచ్చాను. నవమికి మా పందిట్లో సన్నాయి నువ్వూదాలి."

"సైకిలు ట్యూబుని పిలవడానికొచ్చావా?"

"నీది ట్యూబని అన్నందుకు నాదే ట్యూబైపోయింది" అన్నాడు చిట్టియ్య. "ఇంక దెప్పింది చాలు. పట్టు."

వీరబ్రహ్మం లేచి నిలబడ్డాడు. తాంబూలం రెండు చేతులా అందుకున్నాడు. లోపలికి కేకేసి మంచినీళ్లు తెప్పించాడు. నీళ్లు తాగేటప్పుడు చిట్టియ్య అలవాటుగా కుడి ముక్కు వేలితో మూసుకున్నాడు. అవసరం లేదిప్పుడు, అయినా మూసుకున్నాడు.

"మరి నువ్వు? నువ్వెక్కడ కూర్చుంటావు?"

"మా ఇంటివాడు ఎవడో ఒకడు ఆ చాప మీద ఉండాలి. తాళం వేస్తాను."

"నా వెనకాలా?"

"నీ వెనకాలే."

నవమినాడు చిట్టియ్య అలాగే కూర్చున్నాడు. ముందు వీరబ్రహ్మం, పక్కన తాతాజీ డోలు, వెనక తాళాలు పట్టుకుని ఆయన. జనం చూసి గుసగుసలాడారు. కాశీవిశ్వనాథరాజు గారు దగ్గరికొచ్చి, ఎందుకయ్యా నీకీ శ్రమ అన్నారు. ఆయన "ఆయ్" అని ఊరుకున్నాడు. వీరబ్రహ్మం బాగా ఊదాడు. అది ఒప్పుకోక తప్పదు. గట్టిమేళం దగ్గర గుక్క తెగకుండా అంతెత్తున నిలబెట్టి, దించకుండా ఉంచాడు. చిట్టియ్య తాళం ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. పానకం గ్లాసు ముందు వీరబ్రహ్మానికి వెళ్లింది.

రాజుగారి తల్లి రత్నమాణిక్యం గారికి తొంభై దగ్గర పడ్డాయి. మంచం దిగే ఓపిక లేదు, కళ్లు కనిపించవు. ఏటా గుడి పక్క మేడ కిటికీ దగ్గర మంచం వేయించుకుని కల్యాణమంతా చెవులతోనే వింటుంది. పోయినేడు చిట్టియ్యకు జరిగింది ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అయ్యాక తలంబ్రాలు ఆవిడకు అందించేది మేళంవాళ్లే. చిట్టియ్య ఆకులో తలంబ్రాలు పట్టుకుని మేడెక్కాడు.

"ఎవరూ, చిట్టియ్యేనా?"

"ఆయ్, నేనేనండి అమ్మగారూ."

ముసలమ్మ ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. "ఎంత బాగా ఊదావురా ఇవాళ. పోయినేడు ఆఖర్న ఏదో తెగినట్టనిపించింది, నా చెవేమో అనుకున్నాను. ఇవాళ మీ నాన్న ఊదినట్టుంది."

కిటికీలోంచి ఎండ మంచం మీదికి పడుతోంది. కింద పందిట్లో వీరబ్రహ్మం ఎవరితోనో నవ్వుతున్న గొంతు వినబడుతోంది. అవునండి అని ఒక్క మాట అంటే చాలు. ఆవిడ సంతోషిస్తుంది. ఈ గదిలో వేరే ఎవరూ లేరు. చిట్టియ్య తలంబ్రాలు ఆవిడ దోసిట్లో పోసి, వేళ్లు మూశాడు.

"ఇవాళ ఊదింది నేను కాదండి. కాలవ అవతల వీరబ్రహ్మం. నేను తాళం వేశానండి."

"తాళమా? నువ్వా? మరి నీ సన్నాయి నేనెప్పుడు వింటాన్రా?"

"నాది వినేశారండి తమరు" అన్నాడు చిట్టియ్య. "ఇన్నేళ్లూ విన్నారు కదండీ. అదేనండి నాది."